ఆగ్నేయ మూలన టెంకాయ

తొంభై మూడు మే నెలలో, కత్తిరి ఎండలు మొదలైన కొత్తల్లో, మా ఇంట్లో కాలిన వాసన వచ్చింది.

ముందు పట్టింది నేనే. మధ్యాహ్నం అన్నాలైపోయి, స్టవ్ ఆర్పేసి, నడవాలో చాప పరుచుకుని నడుం వాల్చాను. పచ్చికట్టె మంటలో పడితే వచ్చే వాసన. అందులో ఇంకోటి కూడా కలిసి ఉంది. అదేమిటో తెలిసినా నోటితో అనబుద్ధి కాలేదు. లేచి వంటిల్లు చూశాను, పెరడు చూశాను. పక్కింటి గోడ మీదుగా తొంగి అడిగితే, "మాకేం రాలేదే" అన్నారు. కాసేపటికి దానంతటదే పోయింది.

మరునాడూ అదే వేళకు వచ్చింది. ఆ మరునాడూ అంతే.

హార్బర్‌లో క్రేను నడిపే మా ఆయన యువరాజు డ్యూటీ నుంచి రాగానే చెప్పాను. "వైరు కాలతా ఉంటాది" అని కరెంటు పనివాణ్ణి పిలిపించాడు. అతను ఇల్లంతా వెతికి, అన్నీ బాగానే ఉన్నాయని చెప్పి వెళ్లిపోయాడు.

మా అత్త చెంగమ్మ కంటికి ఆపరేషనై, పచ్చగుడ్డ కట్టుకుని గోడకానుకుని కూర్చునుంది. వాసన వచ్చినప్పుడల్లా ఆమె ముఖం ఆగ్నేయ మూల స్తంభం వైపు తిరిగేది.

తొండియార్‌పేటలో మాది పాత పెంకుటిల్లు. నాలుగు బర్మా టేకు స్తంభాల మీద నిలబడి ఉండేది. పెంకులు పగిలి ప్రతి వానకూ గిన్నెలు పెట్టాల్సి వస్తోందని, ఆ వేసవిలో ఇల్లు పీకి మిద్దె వేయాలని యువరాజు పట్టుబట్టాడు. ఆనందన్ మేస్త్రి వచ్చి కొలతలు తీసుకుని, పడగొట్టాల్సిన స్తంభాల మీద సున్నంతో గీతలు పెట్టాడు. ఆగ్నేయ మూల దానికి గీత పెడుతుంటే మా అత్త అరిచింది.

"దాన్ని ముట్టొద్దు!"

మేస్త్రి నవ్వి, తమిళంలో ఏదో సర్ది చెప్పి, గీత పెట్టేశాడు. ఇప్పుడు అక్కడ మిద్దె ఉంది. సిమెంటు దూలం కింద ఆ ఒక్క టేకు స్తంభం మాత్రం అలాగే ఉంది. వచ్చినవాళ్లు అందానికి ఉంచుకున్నామనుకుంటారు.

ఆ స్తంభానికి ఎప్పుడూ ఒక టెంకాయ వేలాడుతుండేది. తొడిమతో ఉన్న నిండుకాయ, దాని నెత్తిన ఎర్రగుడ్డ. నేను గూడూరు నుంచి కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఎందుకని అడిగితే, "ఇంటికి మంచిది మే" అంది మా అత్త, అంతే. దిష్టికనుకున్నాను. పాతకాయ ఎండిందంటే తానే బజారుకు పోయి ఏరుకొచ్చేది. ముచ్చిక ఊడినకాయ తెస్తే ఒప్పుకునేది కాదు. ఒక కార్తీకంలో నేను తెలియక దాని కింద దీపం పెట్టాను. మా అత్త పరుగున వచ్చి, ఆ వత్తిని ఉత్త చేత్తో నలిపి ఆర్పేసింది. అరచెయ్యి కాలింది. ఆ చేత్తోనే స్తంభం మీద చన్నీళ్లు చల్లింది.

ఆ వేసవిలో కంటికి కట్టు ఉంది కనుక కాయ మార్చలేకపోయింది. కొడుకును అడిగింది. "ఇల్లే పీకేస్తా ఉంటే టెంకాయ ఎందుకుమా?" అన్నాడు యువరాజు. నేను స్టూలెక్కి కాయను ఊపి చూశాను. లోపల నీళ్ల చప్పుడు లేదు.

నివేదిత గారు వచ్చింది ఆ రోజుల్లోనే.

ఆవిడ హైదరాబాదులో చరిత్ర పాఠాలు చెప్పే మనిషి. ఒకప్పుడు తెలుగు జిల్లాల నుంచి ఓడలెక్కి రంగం, అంటే బర్మా, పోయినవాళ్ల గురించి, రెండో ప్రపంచ యుద్ధంలో అక్కణ్ణుంచి కాలినడకన తిరిగొచ్చినవాళ్ల గురించి పరిశోధన చేస్తోంది. బీచి దగ్గర 'అత్తో' అనే నూడుల్స్ అమ్మే బర్మా వాళ్లను అడిగితే, తొండియార్‌పేటలో చెంగమ్మ అని ఒక ముసలామె ఉంది, చిన్నప్పుడు నడిచొచ్చిందంట అని చెప్పారట. ఖద్దరు చీర, భుజాన సంచి, సంచిలో టేపురికార్డరు. చెమటకు తడిసి ముద్దై వచ్చింది.

"రంగం గురించి నాకేం తెలీదు. యాడో చిన్నతనం. మరిచిపోయినా" అంది మా అత్త.

"నడిచొచ్చిన దారి ఏమైనా గుర్తుందా అమ్మా? ప్రోము ఊరి మీదుగా వచ్చారా?"

"తెలీదన్నా గదమ్మా."

నివేదిత గారు బలవంతపెట్టలేదు. నేనిచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి లేవబోతూ ఆ స్తంభం చూసింది. లేచిన మనిషి లేచినట్టే నిలబడిపోయింది.

"ఇది ఎవరు కట్టారండీ?"

"మా అత్తే. దిష్టికి."

ఆవిడ మా అత్త వైపు చూసింది. మా అత్త తల వంచుకుంది. "వెళ్లొస్తానమ్మా" అని ఆవిడ బయటికి నడిచింది.

అదే సమయానికి వీధి చివర నీళ్ల లారీ హారన్ కొట్టింది. రెండు ప్లాస్టిక్ బిందెలు పట్టుకుని నేనూ ఆవిడతోనే బయల్దేరాను. లైన్లో నిలబడ్డాక ఆవిడ నెమ్మదిగా చెప్పింది.

"దిష్టికైతే వాకిట్లో గుమ్మడికాయ కడతారు. ఇంటిలోపల, ఆ మూల స్తంభానికి, ఎర్రగుడ్డతో టెంకాయ కట్టేది బర్మా వాళ్లు రాజలక్ష్మి గారూ. వాళ్ల ఇంటి దేవర అది. నాట్ అంటారు."

"దేవరా?"

"ఒకప్పుడు మనిషేనట. బలమైన కమ్మరి. అతన్ని చూసి రాజుకు భయం పట్టింది. అతని చెల్లెల్ని పెళ్లి చేసుకుని, బావమరిదికి కొలువిస్తానని నమ్మించి పిలిపించాడు. రాగానే సంపెంగ చెట్టుకు కట్టి, బతికుండగానే కాల్చేశాడు. చెల్లెలు చూసి అదే మంటలోకి దూకింది. ఆ ఒళ్లు మంట ఇప్పటికీ చల్లారలేదంటారు. టెంకాయ నీళ్లు దానికే. కాలిన ఒంటికి చల్లదనం. అందుకే ఆ కాయలో నీళ్లు ఇంకిపోకూడదు, దగ్గర నిప్పు పెట్టకూడదు."

నా ముందున్నామె బిందె నిండింది. నా వంతు వచ్చినా నేను కదల్లేదు. వెనకవాళ్లు తమిళంలో కసిరారు. బిందె పంపు కింద పెట్టి, ఆవిడకు మా ఇంట్లో వాసన సంగతి చెప్పాను.

ఆవిడ సంచి భుజం మార్చుకుంది. "నేను చరిత్ర చదువుకున్నదాన్నండీ. దేవర గురించి ఎవరేం నమ్మారో చెప్పగలను గాని, వాసన గురించి ఏం చెప్పను?" అంది. నాలుగడుగులు వేశాక మళ్లీ ఆగింది. "రోజూ మధ్యాహ్నమేనా?"

ఆ మరుసటి రోజు నుంచి మా అత్త ఆ స్తంభంతో మాట్లాడటం మొదలుపెట్టింది.

మొదట గొణుగుడు. తర్వాత మామూలు గొంతు. అది తెలుగు కాదు, అరవం కాదు. నాలుగు మాటలంటుంది, ఆగుతుంది, తల ఊపుతుంది, మళ్లీ అంటుంది. ఎదురుగా ఎవరో కూర్చుని ఉంటే మనం ఎలా ఆగుతామో అలా ఆగేది. బయట ఎండకు కాకి కూడా అరవని వేళ. నేను వంటింటి గడప దగ్గరే నిలబడిపోయేదాన్ని.

ఒకసారి నా వైపు తిరిగి తెలుగులో అంది. "మే, ఆమెకు దప్పికగా ఉందంట. చెంబుతో నీళ్లు పెట్టు."

కుండలో నీళ్లు ముంచి స్తంభం మొదట్లో పెట్టాను. ఎందుకు పెట్టానంటే చెప్పలేను. పెద్దామె అడిగింది, పెట్టాను. సాయంత్రం తీసి చూస్తే చెంబు సగమే ఉంది, నీళ్లు వేడిగా ఉన్నాయి. ఎండాకాలం, నీళ్లు వేడెక్కుతాయి, ఇంకుతాయి. అలాగని నాకు నేనే చెప్పుకున్నాను.

యువరాజుకు చెబితే భయపడ్డాడు. ఆ భయం కోపమై బయటికొచ్చింది. "ఆ హైదరాబాదామె వచ్చి లేనిపోనివి కెలికింది. ఇంక ఆమెను రానీయొద్దు" అన్నాడు. కాని ఆవిడ దిగిన లాడ్జికి నేనే ఫోను చేసి రమ్మన్నాను. అది బర్మా భాషే అయితే, ఆవిడ తప్ప తెలిసినవాళ్లు నాకు ఇంకెవరున్నారు?

నివేదిత గారు వచ్చి నా పక్కన గడప మీద కూర్చుంది. అలవాటుగా టేపురికార్డరు నొక్కింది. ఎప్పటి వేళకే వాసన వచ్చింది. ఆవిడ ముక్కు ఎగబీల్చి నా వైపు చూసింది. వాసన నాకొక్కదానికే కాదని అప్పుడు తెలిసింది.

మా అత్త మాట్లాడసాగింది. "అమా" అని పిలిచి, చాలాసేపు చెప్పి, ఏదో అడిగింది. ఆగింది. నివేదిత గారి చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. మా అత్త చివరికి చిన్న మాటేదో అని తల ఊపింది. నివేదిత గారు రికార్డరు ఆపేసి, నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది.

"నాకు ఆ భాష కొంచెమే వచ్చు. కాని ఆవిడ మాట్లాడేది పెద్దవాళ్ల భాష కాదు. పదేళ్ల పిల్ల మాట్లాడేలా ఉంది. ఎన్నడో ఆగిపోయిన భాష."

"ఏమడిగింది?"

"ఇంకా మండుతోందా అని అడిగింది. కాసేపు ఆగింది. తర్వాత సరే అంది." నివేదిత గారు నన్ను సూటిగా చూసింది. "జవాబు వింటే తప్ప సరే అనం కదా?"

నేను వెనక్కి తిరిగి నడవా వైపు చూశాను.

"మా ఆయనకు ఊహ తెలిసినప్పట్నుంచీ మా అత్త నిద్రలో అట్లాగే అమా అని కలవరిస్తాదంట. వాళ్లమ్మను పిలుస్తోందనుకుంటాం" అన్నాను.

"అమ్మ కాదండీ. అమ. బర్మా వాళ్ల మాటలో అక్క."

ఆ సాయంత్రం యువరాజు ఇంటికొచ్చేసరికి మేం ముగ్గురం నడవాలోనే ఉన్నాం. నివేదిత గారిని చూడగానే ఆయన ముఖం ఎర్రబడింది. ఆవిణ్ణి ఏమీ అనలేక నిచ్చెన తెచ్చి స్తంభానికి వేశాడు.

"ఏం చేస్తా ఉండావు?" అన్నాను.

"దీన్ని పీకి సముద్రంలో పారేస్తా. పీడ పోతాది."

"వద్దురా" అంది మా అత్త. అరవలేదు. బతిమాలినట్టు అంది.

యువరాజు చెయ్యి చాచి కాయ పట్టుకున్నాడు. మరుక్షణం "హబ్బ" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నిచ్చెన జారబోతే నేను పట్టుకున్నాను. కిందికి దిగి చెయ్యి చూసుకున్నాడు. నాలుగు వేళ్ల కొసలూ పొక్కిపోయాయి, పొయ్యి మీది గిన్నె పట్టుకుంటే పొక్కినట్టు.

"పెంకుల వేడి" అన్నాడు. పొద్దు వాలి చాలాసేపైంది. పెంకులు చల్లబడ్డాయని ఆయనకూ తెలుసు.

మా అత్త తడుముకుంటూ లేచి, కొడుకు చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, కొంగు చింపి నీళ్లలో తడిపి చుట్టింది. అలా చుడుతూనే చెప్పింది.

"మా అమ్మ బర్మా ఆమెరా. నేను పుట్టినాక పోయింది. నన్ను ఎత్తుకోని పెంచింది మా అక్క. మ్యా ఆమె పేరు. నేను అమా అని పిలస్తా ఉంటి. ఆమె నన్ను న్యీమా అనేది, చెల్లీ అని. నాకు చెంగమ్మని పేరు పెట్టింది ఈడికొచ్చినాకే. ఆడ నా పేరేమో నాకు జ్ఞాపకం లేదు. ఆమె ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు గదా."

యువరాజు వాళ్లమ్మ ముఖంలోకి కొత్తగా చూశాడు. ఆ చిన్న ముక్కు, ఆ బుగ్గ ఎముకలు ఆయనవి కూడా.

"బాంబులు పడినాయి. మా నాయన మమ్మల్నిద్దర్నీ తీసుకోని నడిచినాడు. ప్రోము దాటినాక అంతా కొండలే. దోవంతా జనం, దోవంతా వాంతులు, బేదులు. అక్కకూ పట్టుకునింది. నడవలేకపోయింది. మా నాయన ఒక చెట్టు కింద పండబెట్టి, టెంకాయ చిప్పలో నీళ్లు పోసి తలకాడ పెట్టి, 'ముందుకు పోయి నీళ్లు తెస్తాం, ఈడే ఉండు' అన్నాడు. మా దగ్గిర మిగిలిన నీళ్లన్నీ ఆ చిప్పలోనే పోసినాడు. అదొకటి చేసినాడు."

నివేదిత గారి రికార్డరు సంచి నేల మీద మూతి బిగించి ఉంది. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

"కొండెక్కి తిరిగి చూస్తే కింద అడివి అంటుకోనుంది. ఎండాకాలం. ఎవురో వంటకు పెట్టిన నిప్పో ఏమో. మిట్టమధ్యాహ్నం. మా నాయన నా మొగం పట్టుకోని ముందుకు తిప్పినాడు. ఆమె పోయినాక అంటుకునిందో, అంటుకున్నాక పోయిందో. అది నాకు తెలీదు."

మా అత్త ఆ గుడ్డను ఇంకో చుట్టు చుట్టింది.

"మా అమ్మ ఇంట్లో టెంకాయ కడితే మా నాయన ఎగతాళి చేసేవాడంట. ఈడికొచ్చి ఈ ఇల్లు ఎత్తినాక ఆయనే కట్టినాడు. ఎందుకని నేనడగలా, ఆయన చెప్పలా. ఆయన పోయినాక నేను కడతా ఉండా." మా అత్త గుడ్డ ముడి వేసి, కొడుకు చెయ్యి వదిలింది. "ఇల్లు పీకితే పీకు. నీ ఇల్లు. కాని ఆమె యాడికి పోవాల?"

యువరాజు కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. మా ఆయన మొండిమనిషే గాని చెడ్డవాడు కాదు. "ఎవురూ కర్మ చేయలేదు గదా. అందుకే ఇట్లా తిరగతా ఉంది. అయ్యవారిని పిలిచి పద్ధతిగా చేపిస్తాం. ఆమె దోవన ఆమె పోతాది. మనమూ నిమ్మళంగా ఇల్లు కట్టుకుంటాం" అన్నాడు.

మా అత్త మళ్లీ స్తంభం వైపు ముఖం తిప్పుకుంది.

నివేదిత గారు ఆ రాత్రి రైలుకే వెళ్లిపోయింది. కొన్నేళ్లకు ఆవిడ పుస్తకం వచ్చింది, నాకొకటి పంపింది. ప్రోము దారి మీద పెద్ద అధ్యాయమే ఉంది. మా పేర్లు లేవు. స్తంభం లేదు. ఆ మధ్యాహ్నం రికార్డు చేసిన టేపు ఏం చేశారని అడిగితే, "ఇంతవరకూ మళ్లీ వినలేదండీ" అంది.

యువరాజు అన్నట్టే, ఆ వారం ఆదివారం పొద్దున కాశిమేడు సముద్రపు ఒడ్డుకు వెళ్లాం. వాళ్లమ్మను ఇంట్లోనే ఉండమన్నాడు యువరాజు. ఆమె వినలేదు. పడవలు అప్పుడే వచ్చినట్టున్నాయి, చేపల బేరాలు జోరుగా సాగుతున్నాయి. వాటికి దూరంగా, బండరాళ్ల పక్కన ఇసుకలో అయ్యవారు కూర్చున్నాడు. చిత్తూరు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగాయన.

"పోయినవాళ్ల పేరు?"

"మ్యా" అన్నాడు యువరాజు. ఆ పేరు ఆయన నోట అదే మొదటిసారి.

"పూర్తి పేరు చెప్పండి."

"అంతే స్వామీ."

"గోత్రం?"

యువరాజు వాళ్లమ్మ వైపు చూశాడు. "మా నాయనదే. ఇద్దరికీ నాయన ఒకడే గదా" అందామె. ఆ నాయన గోత్రమేమిటో మాత్రం ఆమెకు తెలియదు. తెలియనివాళ్లకు కాశ్యపం చెప్పుకోవచ్చని అయ్యవారు సర్దాడు. తిథి కూడా తెలియదు. మంటలు చూసింది ఎండాకాలమని మాత్రమే తెలుసు.

ఆయన చెప్పించిన మంత్రాలన్నీ యువరాజు చెప్పాడు. ఎక్కడా తొందరపడలేదు. చివర "పెద్దమ్మా" అని తానే కలిపి, పిండం పట్టుకుని అలల్లోకి నడిచాడు. మా అత్త కంటికి కట్టు లేదు ఆ రోజు. నీళ్ల వైపు కాకుండా, ఒడ్డు వెంబడి ఎవరో నడిచివస్తుంటే చూస్తున్నట్టు చూస్తూ నిలబడింది. నేనూ అటు చూశాను. ఎండకు ఇసుక మెరుస్తోంది. ఎవరూ లేరు.

"అయిపోయిందిమా. పోదాం పా" అన్నాడు యువరాజు, తడి పంచె పిండుకుంటూ. ఆయన ముఖం తేలికపడింది.

రోడ్డు మీద ఆటో పిలిచాడు. ముందు నేనెక్కి లోపలికి జరిగాను. మా అత్త ఎక్కి, నా తొడకు తొడ తగిలేలా నన్ను ఒక పక్కకు నొక్కి మరీ కూర్చుంది. ఆమెకు ఇవతల, ఎక్కే వైపున, ఒక మనిషి పట్టేంత సీటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ మీద పడిన తన కొంగును తీసి ఒళ్లో పెట్టుకుంది. యువరాజు అక్కడ కూర్చోబోయి ఒక కాలు లోపల పెట్టాడు.

"ఆడ కాదురా. నువ్వు ముందర కూర్చో" అంది మా అత్త.

యువరాజు అలాగే ఆగిపోయాడు. వాళ్లమ్మ వైపు చూశాడు, సీటు వైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. ఆయన నెమ్మదిగా కాలు తీసేసి, చుట్టూ తిరిగి వెళ్లి, డ్రైవరు పక్కన సగం సీటు మీద ఇరుక్కుని కూర్చున్నాడు.

డ్రైవరు బండి స్టార్టు చేస్తూ వెనక్కి చూడకుండానే, అందరూ ఎక్కారా అని అరవంలో అడిగాడు. "ఎల్లారుమ్ ఏరియాచ్చా సార్?"

యువరాజు ఒక్కసారి తల తిప్పి వెనక సీటంతా చూశాడు.

"ఏరియాచ్చు. మెల్లగా పో" అన్నాడు.